విఫలమైన వర్చువల్ మెషీన్‌ను చూడకుండానే చెరిపేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

దరఖాస్తుల గడువు ముగిసే రోజునో, ఫలితాలు వెలువడే రోజునో ప్రజాసేవల వెబ్‌సైట్ మొరాయించడం, ఆపై ‘సాంకేతిక కారణాల వల్ల అంతరాయం కలిగింది, చింతిస్తున్నాం’ అంటూ ఒక్క వాక్యంతో ప్రకటన వెలువడడం పరిపాటి అయిపోయింది. ఆ సాంకేతిక కారణమేమిటో పౌరులకు చెప్పకపోవడం ఒక ఎత్తు, అసలు నిర్వాహకులకే అది తెలియకుండా పోవడం మరో ఎత్తు. డేటా సెంటర్ నిర్వహణలో పనిచేసేవాడిగా ఈ రెండో సంగతి గురించే రాస్తున్నాను.

రద్దీ పెరిగినప్పుడు అదనపు వర్చువల్ మెషీన్లను (భౌతిక సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ రూపంలో నడిచే కంప్యూటర్లను) ఇప్పుడు ఎవరూ కూర్చుని తయారుచేయరు. ఆ పనికి నియమించిన ఆటోమేషన్, ఖాళీ ఉన్న భౌతిక సర్వర్‌ను ఎంచుకుని, సిద్ధంగా ఉన్న టెంప్లేట్ (నమూనా డిస్కు) నుంచి డిస్కును కాపీ చేసి, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇప్పించి, మెషీన్ తొలిసారి బూట్ అయ్యేటప్పుడు దాని పేరు, పాస్‌వర్డులు, సాఫ్ట్‌వేర్ అమరుస్తుంది. మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా, చాలాచోట్ల, సగం తయారైన ఆ మెషీన్‌ను తానే చెరిపేసి మళ్లీ మొదటికి వస్తుంది. వనరులు వృథా కాకూడదన్న ఉద్దేశం మంచిదే. కాకపోతే తొలి బూట్ పనులు చేసే క్లౌడ్-ఇనిట్ వంటి సాధనాలు తాము ఎక్కడ ఆగిపోయిందీ రాసిపెట్టే లాగ్ మామూలుగా ఆ మెషీన్ డిస్కులోనే ఉంటుంది కాబట్టి, డిస్కు పోగానే అదీ పోతుంది. శవపరీక్ష జరగకముందే దహనం పూర్తయినట్టు అవుతుంది.

ఇక తెరపై మిగిలే సందేశంతో ప్రయోజనం తక్కువ. వర్చువల్ మెషీన్లను నిర్వహించే ఓపెన్‌స్టాక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘తగిన హోస్ట్ (మెషీన్‌ను మోసే సర్వర్) దొరకలేదు’ అని వస్తుంది. మెమరీ చాలలేదా, ఆ మెషీన్‌కు పెట్టిన నిబంధనలకు ఏ సర్వరూ సరిపడలేదా అన్నది అందులో ఉండదు. ఏ వడపోత దగ్గర హోస్ట్‌ల సంఖ్య సున్నాకు చేరిందో సర్వర్‌ను ఎంచుకునే భాగమైన షెడ్యూలర్ లాగ్ తెరిచి చూస్తేనే తెలుస్తుంది. పర్యవేక్షణ తెరపై మొత్తం ఖాళీ మెమరీ దండిగా కనిపిస్తూ ఉండవచ్చు. అది పది సర్వర్లలో కొంచెం కొంచెంగా చెదిరి ఉండి, అడిగిన పరిమాణం ఏ ఒక్కదానిలోనూ లేకపోతే ఆ మొత్తం ఎంతున్నా మెషీన్ పుట్టదు. ఈ సంగతి గమనించకుండా కోటా (వాడుకోగల వనరుల పరిమితి) పెంచేసి, సమస్య తీరిపోయిందనుకునేవారు ఎందరో.

మరీ ఇబ్బంది పెట్టేవి, విఫలమైనట్టు కనిపించని వైఫల్యాలు. టెంప్లేట్ తయారుచేసేటప్పుడు లినక్స్‌లోని మెషీన్ ఐడీని ఖాళీ చేయడం మరిచిపోతే, దాని నుంచి పుట్టిన మెషీన్లన్నీ అదే గుర్తింపుతో లేస్తాయి. కొన్ని అమరికల్లో, ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌కు తనను తాను పరిచయం చేసుకోవడానికి మెషీన్ వాడేది ఆ ఐడీ నుంచి వచ్చిన గుర్తింపునే. దాంతో రెండు మెషీన్లు ఒకే ఐపీ అడ్రస్ అందుకుని కొట్టుకుంటాయి. ఒక్కొక్కటిగా సృష్టించి పరీక్షిస్తే ఈ లోపం బయటపడదు, రద్దీ రోజున గుంపుగా పుట్టినప్పుడే పడుతుంది. అడ్రసుల విషయంలో ఇంకోటి: 254 అడ్రసులున్న సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లోని ఒక భాగంలో) చెరిపేసిన మెషీన్ల లీజులు, అంటే కొంత కాలానికి ఇచ్చిన అడ్రసు కేటాయింపులు, గడువు తీరేదాకా అలాగే ఉండిపోతే, పదే పదే సృష్టించి చెరిపేసే ఆటోమేషన్ ఆ నిల్వను తానే ఖాళీ చేస్తుంది. అంటే మళ్లీ మళ్లీ ప్రయత్నించడమే అసలు జబ్బుగా మారుతుంది. గడియారం తేడా సంగతి సరే సరి: లాగిన్‌లను ధ్రువీకరించే కెర్బరోస్ అనే పద్ధతి రెండు మెషీన్ల గడియారాల మధ్య సాధారణంగా 5 నిమిషాల తేడా వరకే సహిస్తుంది, అది దాటితే మెషీన్ నిక్షేపంగా నడుస్తూనే డొమైన్‌లో (సంస్థ ఉమ్మడి లాగిన్ వ్యవస్థలో) చేరలేకపోతుంది.

వీటిలో ఏదీ నిపుణులకు అంతుపట్టని విషయం కాదు, ఆధారం మిగిలి ఉంటే చాలావరకు త్వరగానే తేలిపోయేవి. అందుకే ప్రజాధనంతో నడిచే డేటా సెంటర్ల ఒప్పందాల్లో కొన్ని షరతులు చేర్చాలని కోరుతున్నాను. విఫలమైన మెషీన్లలో కనీసం మొదటిదాన్నైనా నెట్‌వర్క్ నుంచి విడదీసి, కారణం తేలేవరకు ఉంచాలి. తొలి బూట్ లాగులు ఎప్పటికప్పుడు వేరే సర్వర్‌కు చేరాలి. ప్రతి అభ్యర్థనకూ ఒకే గుర్తింపు సంఖ్య ఆరంభం నుంచి చివరిదాకా అన్ని లాగుల్లోనూ కనబడాలి. మెషీన్ ఆన్ అయితే చాలు ‘సృష్టించాం’ అని లెక్క రాసుకునే పద్ధతి పోయి, అందులోని సేవ నిజంగా జవాబిచ్చినప్పుడే లెక్కలోకి రావాలి. ఇప్పుడున్న విజయ శాతాల్లో చాలా భాగం ఈ తేడా మీదే నిలబడ్డాయని నా అభిప్రాయం. రద్దీ లేని రోజుల్లోనూ అసలు టెంప్లేట్‌తోనే మెషీన్లను గుంపుగా సృష్టించి చూడాలి.

అంతరాయం తర్వాత ఇచ్చే ప్రకటనలో పాస్‌వర్డులు, అంతర్గత అడ్రసులు బయటపెట్టమని ఎవరూ అడగరు. ఏ దశలో ఆగింది, ఎందుకు ఆగింది, ఏం మార్చారు అన్నవి మాత్రం ఒక పేజీలో రాసి, నిర్ణీత గడువులోగా ప్రజల ముందుంచాలి. కారణం తేలకపోతే ఆ మాటే రాసి, అది తేలడానికి ఏ ఆధారం కరవైందో కూడా అందులో చెప్పాలి.

ఇట్లు,
ఒక డేటా సెంటర్ ఇంజినీరు