గంప దింపుకోవడానికి ఒక రాయి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో ఉదయపు నడక గురించి వచ్చిన వ్యాసాన్ని మా అమ్మాయి పనిగట్టుకుని నాకు చదివి వినిపించింది. అది నన్ను దృష్టిలో పెట్టుకునే రాశారని దాని అనుమానం. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మాదిరి వేగంతో నడవాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట అందులో ఉంది. పొద్దున్నే లేవడానికి మనసుకు ఉత్సాహం ఎలా తెచ్చుకోవాలో కూడా ఉంది. పడుకునే ముందు లక్ష్యం కాగితం మీద రాసుకోవాలట, లేవగానే అద్దంలో చూసుకుని దాన్ని మూడుసార్లు చెప్పుకోవాలట. లేవగానే నా ముఖం అద్దంలో చూసుకుంటే నాకు మళ్లీ పడుకోవాలనిపిస్తుంది. కాబట్టి నన్ను లేపినదేమిటో నేను రాస్తాను. వీలుంటే వేయండి.

నాది విజయనగరం. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేశాను. 2022లో నా స్టేజీ వచ్చింది, దిగిపోయాను. ఆ 31 ఏళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువగా అన్న మాట ‘ముందుకు జరగండి’. చీపురుపల్లి మీదుగా రాజాం వెళ్లే బండిలో, బొబ్బిలి బండిలో, మధ్యలో ఖాళీ ఉన్నా గుమ్మం దగ్గరి కడ్డీ వదలని మనుషులను చూస్తూ గొంతు అరిగేలా అన్నాను. ఉద్యోగం అయిపోయాక ఆ మాటను మా ఆవిడ నాకే తిప్పి అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఎందుకంటే నేను కుర్చీ వదలలేదు. ముప్పై ఏళ్లు నిలబడి చేసిన ఉద్యోగం కదా, ఇక కూర్చోవడం నా హక్కు అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి రక్తపరీక్షలో చక్కెర మూడు నెలల సగటు 9.2 అని వచ్చింది. డాక్టరు గారు చీటీ మీద మందులు రాసి, కింద ‘నడక’ అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి 2,400 రూపాయలు పెట్టి బూట్లు పంపాడు. రోజూ ఉత్సాహం కలిగించే వీడియోలు కూడా పంపేవాడు. వాటిలో ఒకాయన కొండ అంచున నిలబడి అరుస్తుంటాడు. నేను మంచం మీద పడుకుని వాటిని చివరిదాకా చూసేవాణ్ణి. బూట్లు మాత్రం నాలుగు నెలలు గూట్లోనే ఉన్నాయి. వాటి డబ్బాను మనవరాలు తీసుకుపోయి అందులో బొమ్మకు పడక వేసింది. ఎప్పుడైనా పాత మిత్రులు గేటు దగ్గరికి వచ్చి పిలిస్తే, వారానికి ఒకటి రెండు రోజులు, మొహమాటానికి వెళ్లేవాణ్ణి.

మేము నడిచేది ఇంటికి దగ్గరలోని చెరువు గట్టు మీద. ఏ చెరువో ఎందుకు లెండి, నడిచేవాళ్లకు తెలుస్తుంది. గట్టు వెడల్పు నలుగురు మనుషులంత. మేమూ నలుగురం. పింఛను బకాయిల గురించి మాట్లాడుకోవాలంటే నలుగురూ ఒకే వరుసలో ఉండాలి, లేకపోతే చివరివాడికి వినపడదు. వెనకనుంచి ఎవరు వచ్చినా, ఎదురుగా ఎవరు వచ్చినా గట్టు మాదే.

గత ఏడాది వానాకాలంలో ఒకరోజు ఎదురుగా ఒకామె నెత్తిన కూరగాయల గంపతో వచ్చింది. మేము జరగలేదు. కావాలని కాదు, అసలు ఆమెను చూశామో లేదో కూడా నాకు గుర్తు లేదు. ఆమే పక్కకు తప్పుకుంది. పక్కన ఉన్నది బురద. కాలు జారింది, గంప పడింది. వంకాయలు చెరువు వైపు, టమాటాలు రోడ్డు వైపు దొర్లాయి. మాలో ఒకాయన, ‘చూసుకుని నడవాలి కదమ్మా’ అన్నాడు. ఆ మాట అన్నది నేను కాదు. కానీ అది తప్పని కూడా నేను అనలేదు.

నేను వంగి రెండు టమాటాలు తీయబోతే ఆమె వారించింది. ‘ఏరుకోవడం నేను ఏరుకుంటాను. గంప తలకెత్తడానికి ఒక మనిషి ఉండండి బాబూ, చాలు’ అంది. మిగతా ముగ్గురూ ముందుకు వెళ్లిపోయారు. ఆమె బెండకాయలను కొంగుతో తుడిచి గంపలో వేసుకునే దాకా నేను బూట్లతో ఆ బురదలో నిలబడ్డాను. తర్వాత ఆమె చుట్టకుదురు సర్దుకుంది, ఇద్దరం చెరో వైపు పట్టి ఎత్తాం. ఎత్తుతుంటే నా నడుము కలుక్కుమంది. ఆమె మెడ మాత్రం కదలలేదు.

నాకు అంతవరకు తెలియని సంగతి ఒకటి ఆరోజు తెలిసింది. నెత్తిన బరువు మోసే మనిషికి నడక కష్టం కాదు, దింపుకోవడం కష్టం. దింపుకుంటే మళ్లీ ఎత్తడానికి రెండో మనిషి కావాలి. ఆమె ఊరు మా పట్నానికి నాలుగు కిలోమీటర్లు. ఆటోలో వస్తే మనిషికి ఒక రేటు, గంపకు ఒక రేటు అడుగుతారని నడిచే వస్తుంది. దారిలో దాహం వేసినా, మెడ పట్టేసినా, ఎత్తిపెట్టే మనిషి కనిపించేదాకా దింపదు. గట్టు చివర రావిచెట్టు దగ్గర మాత్రం ఒకసారి దింపి, నీళ్లు తాగి, ఆకుకూరల మీద నీళ్లు చల్లుకుని వీధుల్లోకి వెళుతుంది. అక్కడ ఎత్తిపెట్టే మనిషి కోసం ఎదురుచూడటం ఆమె రోజులో ఒక భాగం. మేము ఆ చెట్టు చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేవాళ్లం, రెండేళ్లుగా.

మర్నాడు నేను వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే సిగ్గుపడి వెళ్లాను, అంతకన్నా గొప్ప కారణం లేదు. గంప ఎత్తాను. ఆమె, ‘రేపు ఇదే వేళకు వస్తారా బాబూ’ అని అడిగింది. వస్తానన్నాను. అనేశాక ఇక తప్పదు కదా! బండి వేళకు బయలుదేరాలని 31 ఏళ్లు పాటించిన మనిషిని. 5 గంటల 40 నిమిషాలకు రావిచెట్టు దగ్గర ఉండాలంటే 5 గంటలకు లేవాలి. లేస్తున్నాను. అద్దం, కాగితం, కొండ అంచున అరిచేవాడు, ఎవరి అవసరమూ రాలేదు. మొన్నటి పరీక్షలో ఆ సగటు 7.1కి దిగింది. డాక్టరు గారు మెచ్చుకున్నారు, మందు మాత్రం మానొద్దన్నారు.

ఒక పక్కమాట. మన జిల్లాల్లో బరువులెత్తే ఆడవాళ్లకు కొరత లేదు. ఆమదాలవలస ప్రాంతం నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో ముందు 110, తర్వాత 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. మా విజయనగరానికి దగ్గరలోని కొండవెలగాడ నుంచి వెళ్లిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. ఆ పోటీలను టీవీలో చూసి చప్పట్లు కొట్టినవాళ్లమే మేమంతా. ఒకరోజు బియ్యం కొట్టు వాడి కాటా మీద మా కూరగాయల ఆమె గంపను తూచాం. 27 కిలోలు. ‘వర్షానికి ఆకుకూర తడిసింది బాబూ, లేకపోతే ఇంత ఉండదు’ అని ఆమే ఏదో తప్పు చేసినట్టు చెప్పుకుంది.

గట్టు మీద మర్యాద గురించి రాయాలంటే ఇంకా చాలా ఉంది. ఫోనులో వార్తల చర్చ పెట్టి, చెవిలో పెట్టుకునేది లేకుండా, చెరువు మొత్తానికి వినిపించే పెద్దమనిషి ఉన్నాడు. పొద్దున్నే అంత కోపం ఎలా వింటాడో నాకు అర్థం కాదు. దేవుడి పూల దొంగలు వేరే. చేతిలో కొక్కెం కట్టిన కర్ర, ఇంకో చేతిలో ప్లాస్టిక్ సంచి. ఎవరి ప్రహరీ మీదుగా మందార వంగినా, నందివర్ధనం వంగినా అది స్వామివారు పంపినదే అనుకుంటారు. మా పక్కింటి ముసలమ్మ గారు తన చెట్టు పూలు తన దేవుడికి దక్కాలని నాలుగున్నరకే లేస్తున్నారు. ఆవిడకూ ఒక రకంగా ఆరోగ్యమేనేమో. ఇవన్నీ చిన్న చికాకులు, నేను సర్దుకుపోతాను. నలుగురు వరుసకట్టి గట్టును ఆక్రమించడం మాత్రం నాకు అలా కనిపించడం లేదు, నేనూ ఆ వరుసలో ఒకణ్ణి కాబట్టి.

దారి ఇవ్వడం మనకు చేతకాదని ఎవరైనా అంటే ఒప్పుకోను. పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను, అంటే చివరన పూజారి కూర్చునే పొడవాటి మాను, తిరిగే మంగళవారం మా ఊరు వచ్చి చూడండి. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలని జనం. అయినా ముందు బెస్తవారి వల వస్తుంది, పాలధార వస్తుంది, తెల్ల ఏనుగు వస్తుంది, వెనుక సిరిమాను మూడుసార్లు వెళ్లి వస్తుంది. ప్రతిసారీ ఆ జనమే చీలి దారి ఇస్తుంది. పిల్లలను భుజాల మీదికి ఎత్తుకుంటారు, ముసలివాళ్లను గోడవైపు నిలబెడతారు, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేదు. అదే మనుషులం మర్నాడు గట్టు మీదికి వస్తాం.

ఇక్కడ నా పాత లెక్క ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉండగా గంపలవాళ్లంటే నాకు విసుగు. గంప ఎక్కిందంటే ఇద్దరు మనుషుల చోటు పోతుంది, లగేజీ టికెట్టు దగ్గర వాదన వస్తుంది, నేల తడుస్తుంది. సంత రోజున కిక్కిరిసిన బండిలోకి ఒక ముసలామె గంప పెట్టబోతే, ‘వెనక బండిలో రా’ అని, బండి కదలమని డ్రైవరుకు రెండుసార్లు గంట కొట్టేశాను. వెనక బండి గంటన్నరకు గానీ లేదని నాకు తెలుసు. ఆమె అప్పటికే గంప కిందికి దింపేసింది. ఆ నిర్మానుష్యమైన స్టాపులో దాన్ని మళ్లీ ఎవరు ఎత్తి ఉంటారు? నిరుడు రావిచెట్టు దగ్గర నిలబడేదాకా ఈ ప్రశ్న నాకు రాలేదు.

మా జట్టు ఇప్పుడు కొంత మారింది. ఇద్దరిద్దరుగా నడుస్తున్నాం. చివరివాడికి వినపడనందువల్ల పింఛను చర్చ కూడా తగ్గింది. గట్టు దిగి రోడ్డు మీదికి వచ్చాక కుడిపక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా నడుస్తున్నాం. ఇది నేను పెట్టిన నియమం, బండ్ల సంగతి నాకు తెలుసు కాబట్టి వాళ్లు ఒప్పుకున్నారు.

కానీ మనిషి మీద ఆధారపడిన ఏర్పాటు ఎంతకాలం? సంక్రాంతి తర్వాత నాకు జ్వరం వచ్చి మూడు రోజులు వెళ్లలేదు. నాలుగో రోజు వెళితే ఆమె బాగున్నారా అని అడగలేదు. ‘రానప్పుడు ముందే చెప్పాలి బాబూ. మొన్న ట్యూషన్ పిల్లవాడు వచ్చేదాకా నిలబడ్డాను. రోజూ తీసుకునే మూడిళ్లవాళ్లు వేరేవాళ్ల దగ్గర కొనేసుకున్నారు’ అంది. నిజమే. బండి రద్దయితే బోర్డు పెట్టాలి కదా.

అప్పుడు నాకు మా తాతగారి ఊరి దారి గుర్తొచ్చింది. పొలాలకు పోయే బాటలో రెండు నిలువు రాళ్ల మీద ఒక అడ్డరాయి ఉండేది. మోపులవాళ్లు దాని పక్కకు వచ్చి, తల మీది బరువును ఎవరి సాయం లేకుండా దాని మీదికి జరిపేవారు. సేద తీరాక మోకాళ్లు కొద్దిగా వంచి, తల ఆ బరువు కిందికి పెట్టి మళ్లీ ఎత్తుకుని వెళ్లేవారు. అలాంటిదే ఒకటి రావిచెట్టు కింద ఉంటే నేను వచ్చినా రాకపోయినా ఒకటే. ఆ దారిన రోజూ కనీసం ఏడెనిమిది గంపలు పోతాయి.

మా నడక జట్టులో చెప్పాను. చందా వెంటనే పోగైంది. రాయి ఇచ్చే మనిషి దొరికాడు, నిలబెట్టే మేస్త్రీ దొరికాడు. ఆ తర్వాత దాని మీద ఎవరి పేర్లు చెక్కించాలన్న చర్చ వచ్చింది. ముగ్గురి పేర్లా, అందరివీనా, చనిపోయిన తల్లిదండ్రుల పేర్లా, ఎవరి ఇంటిపేరు ముందు? నల్లరాతి పలక ఖరీదు అసలు రాయి ఖరీదును మించిపోయింది. అక్కడ ఆగింది. నా మటుకు పేరు వద్దని చెప్పేశాను. గట్టు ప్రభుత్వ స్థలం కాబట్టి అనుమతి కూడా కావాలి. ఎవరిని అడగాలో తెలిసినవారు ఈ ఉత్తరం చదివితే మీ పత్రిక ద్వారానే ఒక మాట చెప్పగలరు.

మేస్త్రీ ఎత్తు ఎంత పెట్టాలని అడిగాడు. నాలుగు అడుగులు చాలు అన్నాడు మాలో ఒకాయన, ఐదు ఉండాలన్నాడు ఇంకొకాయన. మర్నాడు ఆమెనే అడిగాను. గంప నాకు పట్టుకోమని ఇచ్చి, రావిచెట్టు మొదలుకు ఆనుకుని నిటారుగా నిలబడి, భుజం దగ్గర గోటితో బెరడు మీద గీత గీసింది. టేపు పెట్టి చూశాను. నేల నుంచి నాలుగు అడుగుల రెండు అంగుళాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత కండక్టరు,
విజయనగరం