అక్వేరియం చేపను కాలువలో వేయకండి

సంపాదకుల గారికి,

ఇంట్లో పెంచుకున్న చేప చనిపోతే విజయవాడలో చాలామంది దాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి, చిటికెడు పసుపు కుంకుమ చల్లి, బందరు కాలువ వంతెన మీద బండి ఆపి కిందికి జారవిడుస్తారు. ఏలూరు కాలువ, రైవస్ కాలువ పక్కన ఉండేవాళ్లూ అంతే. గంగలో కలిపామన్న తృప్తి కోసం చేసే పని కాబట్టి తిట్టబుద్ధి కాదు. కానీ ఇది మానాల్సిన అలవాటు.

అంగుళం గప్పీ ఒకటి కుళ్లితే కాలువ పాడైపోదు, ఆ మాట ఒప్పుకుందాం. చచ్చిందనుకున్న చేప చావకపోతేనే చిక్కు. అద్దాలకు పట్టిన పాచి తింటుందని కొనే సక్కర్ చేప దక్షిణ అమెరికా నదులది. అది గాలి మింగి కూడా బతుకుతుంది, నీళ్లు లేకుండా గంటల తరబడి ఉండగలదు. కదలడం లేదు కదా అని కాలువలో వేస్తే తేరుకుని ఈదుకుపోతుంది. గుడ్లు పెట్టడానికి గట్టులో బొరియలు తవ్వుతుంది, ఒంటి మీది గట్టి పెంకుతో, ముళ్లతో జాలర్ల వలలు చింపుతుంది. మట్టి కట్టల మీద నిలిచిన డెల్టాకు ఇంతకంటే చెడ్డ అతిథి ఉండదు. పైగా ఈ కాలువల నీళ్లే దిగువ ఊళ్ల మంచినీటి చెరువులకు వెళ్తాయి. జబ్బు చేప, దానికి వాడిన మందు నీళ్లు, తొట్టిలోని నత్తలు, నాచు, అన్నీ కవరుతో సహా అందులోకే.

కాబట్టి ముందు చచ్చిందో లేదో చూడాలి. తొట్టి నీళ్లే గిన్నెలో తీసుకుని, అందులో ఉంచి, పది నిమిషాలు మొప్పల మూత కదులుతుందేమో గమనించాలి. ఈత తిత్తి దెబ్బతిన్న గోల్డ్‌ఫిష్ వెల్లకిలా తేలుతూ కూడా రోజుల తరబడి బతుకుతుంది. డిసెంబరు చలికి ఫైటర్ చేప అడుగున చచ్చినట్టే పడుకుంటుంది. కన్ను తెల్లబడి ఒళ్లు బిగుసుకుంటే ఇక అనుమానం లేదు. సక్కర్ విషయంలో మాత్రం ఒక పూట ఆగాలి.

మన ఎండలకు చచ్చిన చేప తొట్టిలో కొన్ని గంటలుంటే చాలు, కుళ్లడం మొదలై అమ్మోనియా పెరిగి మిగతావి కూడా పోతాయి. వెంటనే వలతో తీసేసి, అదే రోజు నాలుగో వంతు నీళ్లు మార్చాలి. కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోయే మందు కలిపి పోయాలి. చేతికి గాయం ఉంటే తొడుగు తప్పనిసరి. చేపల్లో ఉండే మైకోబాక్టీరియం మెరైనం అనే సూక్ష్మజీవి గాయంలోకి దిగితే చర్మం మీద మొండి పుండు లేస్తుంది.

బతికే అవకాశం లేక యాతన పడుతున్న చేపను టాయిలెట్లో వేసి నీళ్లు కొట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం రెండూ క్రూరమే. మందుల షాపులో దొరికే లవంగ నూనె దీనికి పనికొస్తుంది. లీటరు తొట్టి నీటికి 0.4 మిల్లీలీటర్లు చాలు. నూనె నేరుగా పోస్తే పైన తెట్టు కట్టి చేపను మండిస్తుంది. అందుకని ముందు చిన్న సీసాలో గోరువెచ్చని నీళ్లతో పాలలా తెల్లబడేదాకా గిలకొట్టి కలపాలి. మొప్పలు ఆగిన తర్వాత ఇంకో అరగంట అందులోనే ఉంచాలి. ఆ చేపను పిల్లికి వేయకూడదు.

ఇక పూడ్చడం. పెరడు ఉంటే చిన్న చేపకు అడుగు లోతు, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ వంటివాటికి రెండడుగులు. అంతకంటే పైన పెడితే కుక్కలో పందికొక్కులో రాత్రికి రాత్రే తవ్వేస్తాయి. అందుకే మట్టి తొక్కి పైన బండ పెట్టాలి. చుట్టడానికి అరిటాకో బాదం ఆకో చాలు, కవరు వద్దు. సున్నం చల్లితే తొందరగా మట్టిలో కలుస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి సున్నం కుళ్లడాన్ని ఆలస్యం చేస్తుంది. ఉప్పు చల్లితే పక్కన మొక్కలు చస్తాయి.

రెండంగుళాల లోపు చేపను పన్నెండంగుళాల పూల కుండీలో, అరడుగు లోతున పెట్టొచ్చు. తులసి కోట, ఆకుకూరల కుండీ వద్దు. ఒకే కుండీలో నాలుగైదు పెడితే వేర్లు మాడి, ఈగలు ముసురుతాయి. జబ్బుతో, మందులతో పోయినదాన్ని కుండీలో పెట్టనే వద్దు.

మట్టే లేని అపార్ట్‌మెంట్లలో ఏం చేయాలి? చేపను పాత పేపర్లో రెండు మూడు పొరలు చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి, పొద్దున చెత్త బండి వచ్చినప్పుడు తీసి తడి చెత్తలో వేయాలి. రాత్రే బయట పెడితే వాసనకు పిల్లులు వస్తాయి. వంటింట్లో మిగిలే చేప తలకాయలు వెళ్లేదీ అక్కడికే కదా, ఇందులో అమర్యాద ఏమీ లేదు. పిల్లలున్న ఇంట్లో మనసొప్పకపోతే ఊళ్లో చుట్టాల పెరడు చూసుకోవాలి.

నగర పాలక సంస్థకు మా విన్నపాలు రెండే. అక్వేరియం దుకాణాల్లో ఈ సూచనలు తెలుగులో ఒక పేజీ అతికించమనండి. రెండంగుళాలప్పుడు అమ్మిన సక్కర్ అడుగు దాటి తొట్టి పట్టకుండా పెరిగితే, కొన్నవాళ్లు తెచ్చిచ్చినప్పుడు దుకాణదారు తిరిగి తీసుకునే ఏర్పాటు చేయించండి. కాలువలోకి బతికున్నవి చేరేది ఎక్కువగా ఆ తొట్టి చాలకే.

ఒక అక్వేరియం పెంపకందారు,
సత్యనారాయణపురం, విజయవాడ