తూకపు చీటీల రికార్డులను స్పార్క్‌లోకి ఎక్కించడంలో జరిగిన లోపాలపై ఫిర్యాదు

విశాఖపట్నం,
18 ఆగస్టు 2025.

సేవల విభాగాధిపతి గారికి,

విషయం: మా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నుంచి స్పార్క్ క్లస్టర్‌లోకి రికార్డులు ఎక్కించే పనిలో లోపాలు, వాటివల్ల హార్బరు కౌంటరు ఆగిపోవడం, సవరణకు, రుసుము వాపసుకు విజ్ఞప్తి.

ఆర్యా,

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో మరబోట్ల నుంచి చేపలు, రొయ్యలు కొని ఎగుమతిదారులకు సరఫరా చేసే మా సంస్థ తొమ్మిదేళ్లుగా ప్రతి క్రేటుకూ ఇచ్చే తూకపు చీటీని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో భద్రపరుస్తోంది. ఆ పట్టికలో ఇప్పటికి సుమారు 62 లక్షల వరుసలున్నాయి. కౌంటరు నడిచే సర్వరు మీదే పెద్ద లెక్కలు తీస్తే వేలం వేళ కాటా దగ్గర పని మందగిస్తుంది కాబట్టి, ఆ రికార్డులను ప్రతి రాత్రి మీ క్లస్టర్‌లోని (కలిసి పనిచేసే కంప్యూటర్ల సమూహంలోని) స్పార్క్‌లోకి, అంటే పెద్ద లెక్కలను చాలా కంప్యూటర్లకు పంచి చేసే సాఫ్ట్‌వేరులోకి, ఎక్కించి, నివేదికలు అక్కడే తయారు చేసి ఇచ్చేలా మీతో ఒప్పందం చేసుకున్నాం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం ఉంటుంది. మరబోట్లు జెట్టీకి కట్టేసి ఉండే ఆ రోజుల్లో మా సర్వరుకు పెద్దగా పని ఉండదు కనుక, పాత రికార్డులన్నిటినీ ఆ వ్యవధిలోనే ఎక్కించి, సరిచూసి అప్పగించాలన్నది ఒప్పందంలో మేము పట్టుబట్టి రాయించుకున్న షరతు. మీవారు పని మొదలుపెట్టింది జూన్ మూడో వారంలో, అంటే వేట మళ్లీ మొదలై కౌంటరు రద్దీగా ఉన్నప్పుడు. తరువాత వచ్చిన చిక్కుల్లో సగం ఈ ఆలస్యం నుంచే పుట్టాయని మా అభిప్రాయం.

స్పార్క్ మీద మాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే చెప్పాలి. 2009లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలై, 2014 నుంచి అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రధాన ప్రాజెక్టుల్లో ఒకటిగా ఉన్న ఆ సాఫ్ట్‌వేరు ఎలా పనిచేస్తుందో దాని పత్రాల్లోనే స్పష్టంగా రాసి ఉంది. వాటిని చదవకుండా పని చేయడం మీదనే మా అభ్యంతరం.

మొదటి లోపం పట్టికను భాగాలుగా విడగొట్టిన తీరులో ఉంది. జేడీబీసీ (డేటాబేస్‌తో మాట్లాడే జావా పద్ధతి) ద్వారా పట్టికను చదివేటప్పుడు వేరే ఏమీ చెప్పకపోతే స్పార్క్ ఒకే కనెక్షన్‌తో, ఒకే భాగంగా మొత్తాన్ని తెచ్చుకుంటుంది. పనిని పంచాలంటే ఏ నిలువు వరుస ఆధారంగా విడగొట్టాలో, కింది హద్దు ఎంతో, పై హద్దు ఎంతో, ఎన్ని భాగాలు కావాలో చెప్పాలి. మీవారు చీటీ సంఖ్యను ఆధారంగా తీసుకుని, కింది హద్దు 1, పై హద్దు 1,00,000, భాగాలు 8 అని రాశారు. మా చీటీ సంఖ్య 62 లక్షలు దాటిందని తెలిసి కూడా లక్ష దగ్గర ఎందుకు ఆగారో మాకు అర్థం కాలేదు. ఏదో నమూనా కోడ్‌లోని అంకెను అలాగే వదిలేసి ఉంటారని అనుకుంటున్నాం. ఆ హద్దులు వరుసలను వడకట్టేవి కావు, ఒక్కో భాగం ఎంత వెడల్పు ఉండాలో లెక్కకట్టడానికి మాత్రమే పనికొస్తాయి. అందువల్ల మొదటి ఏడు భాగాలకు తలా సుమారు 12,500 చీటీలు వెళ్లాయి, మిగిలిన 61 లక్షల పైచిలుకు ఎనిమిదో భాగం నెత్తిన పడ్డాయి. మీరు చూడడానికి ఇచ్చిన స్పార్క్ తెర మీద ఏడు పనులు కొన్ని సెకన్లలో ముగిసి, ఎనిమిదోది గంటల తరబడి కదలకుండా ఉండడం మా కార్యాలయంలో కంప్యూటర్లు చూసే కుర్రాడే మొదటిరోజు గమనించి మాకు చూపించాడు. ఈ విషయం ఫోనులో అడిగితే మీ ఇంజనీరు గారు, పై హద్దు దాటిన పాత రికార్డులు ఎలాగూ రావు కాబట్టి కంగారు పడనక్కర్లేదని జవాబిచ్చారు. హద్దు దాటినవి కూడా వస్తాయి. వస్తున్నాయి కనుకనే ఆ ఎనిమిదో పని చతికిలబడింది. పైగా మా పట్టికలో పెద్ద సంఖ్యలున్నవి కొత్త చీటీలు, పాతవి కావు.

అంత పెద్ద భాగం చదవడానికి పడిన ఇబ్బంది మరొకటి. మైఎస్‌క్యూఎల్ జేడీబీసీ డ్రైవరుకు ప్రత్యేకంగా చెప్పకపోతే, ప్రశ్నకు జవాబుగా వచ్చిన వరుసలన్నిటినీ ఒకేసారి మెమరీలోకి లాక్కుంటుంది. మీ అమరికలో ఫెచ్‌సైజ్ (ఒక్కో విడతకు తెచ్చుకునే వరుసల సంఖ్య) 1,000 అని ఉన్నా, కనెక్షన్ చిరునామాలో విడతలుగా తెచ్చుకోమని చెప్పే యూజ్‌కర్సర్‌ఫెచ్ అన్న మాట లేదు. అది లేనిదే ఆ డ్రైవరు ఆ అంకెను ఖాతరు చేయదు. ఫలితంగా ఆ పని చేసే స్పార్క్ ప్రక్రియ (ఎగ్జిక్యూటరు) మెమరీ చాలక పడిపోయింది. విఫలమైన పనిని స్పార్క్ మామూలుగా నాలుగుసార్ల వరకు ప్రయత్నిస్తుంది కాబట్టి, అదే 61 లక్షల వరుసల ప్రశ్న ప్రతిసారీ మొదటి నుంచి మా సర్వరు మీద పడింది. అర్ధరాత్రి 12:30కి మొదలై రెండు గంటలకు ముగియాల్సిన పని, తెల్లవారుజామున వేలం మొదలయ్యే వేళకు కూడా నడుస్తూనే ఉంది.

దీనికి మీరు చేసిన చికిత్స రోగం కంటే చేటు చేసింది. ఆగస్టు రెండో వారంలో హద్దులు సరిచేశారు, దానికి సంతోషం. దానితోపాటే భాగాల సంఖ్యను 8 నుంచి 96కు పెంచారు. ఈ సంఖ్య ఒకేసారి తెరుచుకోగల కనెక్షన్ల గరిష్ఠ సంఖ్య కూడా అవుతుంది. మైఎస్‌క్యూఎల్ తనంతట తాను 151 కనెక్షన్ల వరకు అనుమతించినా, మాది చిన్న సర్వరు కావడంతో మేము దాన్ని 80కి తగ్గించుకున్నాం. ఆ సంగతి ఒప్పందంతో మీకిచ్చిన కాగితం మొదటి పేజీలోనే ఉంది. మీ క్లస్టరులో 96 పనులూ ఒకేసారి నడిచేంత కోర్లు ఉన్నాయి కనుక, 12వ తేదీ తెల్లవారుజామున ఉన్న కనెక్షన్లన్నీ స్పార్కే పట్టుకుంది. జెట్టీ మీద కాటా పక్కనున్న కంప్యూటరు తెర మీద కనెక్షన్లు మించిపోయాయన్న సందేశం తప్ప మరేమీ కనబడలేదు. రొయ్యల క్రేట్లలో ఐసు కరిగిపోతోంది, వేలం పాడేవాళ్లు కేకలు వేస్తున్నారు, మా గుమస్తా కార్బన్ కాగితం వెతికి తెచ్చుకుని, తడి చేతులతో ఆ ఉదయం చీటీలన్నీ పెన్నుతో రాశారు. 40 కౌంటుగా (కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య) రాసిన రొయ్యలు 30 కౌంటా 40 కౌంటా అన్న తగవు ఆ ఒక్క ఉదయం మూడుసార్లు వచ్చింది. ఆ చీటీలను తిరిగి డేటాబేస్‌లోకి ఎక్కించడానికి ఇద్దరికి రెండు రోజులు పట్టింది.

ఇక చదివిన రికార్డుల్లోనే ఉన్న తప్పుల సంగతి. సరుకు రకాన్ని మేము 1, 2, 3 అని, ఒక అంకె వెడల్పు ఉన్న టైనీఇంట్ (చిన్న పూర్ణాంకాల) నిలువు వరుసలో రాసుకుంటాం. అటువంటి నిలువు వరుసను ఆ జేడీబీసీ డ్రైవరు అవును, కాదు అన్న రెండు విలువలదిగా భావిస్తుంది, స్పార్క్ దాన్ని బూలియన్‌గా తీసుకుంటుంది. దానితో 1, 2, 3 మూడూ 'అవును'గా మారి, తిరిగి అంకెల్లోకి మార్చినప్పుడు అన్నీ 1 అయ్యాయి. జూలై నెల నివేదికలో మూడో రకం సొర కూడా ఒకటో రకంగా నమోదైంది. హార్బరులో ఏ వ్యాపారీ ఇంత ఉదారంగా రకం కట్టడు. కనెక్షన్ చిరునామాలో టైనీఇంట్1ఈజ్‌బిట్ అన్నదాన్ని ఫాల్స్ అని రాస్తే పోయేదానికి, ఇప్పుడు మొత్తం పట్టికను మళ్లీ చదవాల్సిందే, ఎందుకంటే మీ దగ్గర దాచిన ఫైళ్లలో ఆ అంకెలు ఇక లేవు.

తేదీల విషయం ఇంతకంటే బాధ కలిగించింది. ఆగస్టు 2న ఒక బోటు యజమాని, ముందురోజు తెల్లవారుజామున 4:10కి కాటా వేసిన 38 కిలోల కొనెం చీటీని చేత్తో పట్టుకుని మా కార్యాలయానికి వచ్చారు. ఆగస్టు ఖాతాలో ఆ చీటీ లేదు. వెతికితే మీ నివేదికలో అది జూలై 31 రాత్రి 10:40 దగ్గర దొరికింది. ఆ రాత్రి ఆ వేళకు ఆ బోటు ఇంకా సముద్రంలోనే ఉందని సరంగు పుస్తకంలో రాసి ఉంది. మీరు సమయాన్ని సరిగానే చదివారు, కానీ స్పార్క్ సెషన్ టైమ్‌జోన్‌ను యూటీసీలోనే (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలోనే) వదిలేసి, దాని నుంచి తేదీని విడదీశారు. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కనుక, ఉదయం 5:30 లోపు పడిన ప్రతి చీటీ ముందురోజు పద్దులోకి జారిపోయింది. పగటిపూట వ్యాపారం చేసే దుకాణానికైతే ఈ తప్పు ఏళ్ల తరబడి కనిపించకపోవచ్చు. మా సరుకులో ఎక్కువ భాగం తెల్లవారకముందే వస్తుంది.

ఇన్ని తప్పులున్నా, వరుసల సంఖ్య రెండువైపులా సరిపోయిందంటూ మీరు ప్రతి వారం సరిపోలిక పత్రం పంపుతున్నారు. మీ కోడ్‌లో ముందు వరుసలు లెక్కించి, తరువాత అదే డేటాఫ్రేమును (స్పార్క్‌లోని పట్టికను) ఫైళ్లలోకి రాస్తున్నారు. స్పార్క్ అవసరమైనప్పుడే పని మొదలుపెడుతుంది కాబట్టి, మధ్యలో క్యాష్ చేయకపోతే (చదివినదాన్ని దాచుకోకపోతే), లెక్కించడానికి ఒకసారి, రాయడానికి మరోసారి మా డేటాబేస్‌ను వేర్వేరుగా అడుగుతుంది. మీరు లెక్కపెట్టినవీ రాసినవీ ఒకటే అని ఆ పత్రం నిరూపించదు. మా సర్వరు మీద భారం మాత్రం రెట్టింపు చేస్తుంది. పైగా ఒక్కో భాగం ఒక్కో కనెక్షన్‌తో, వేర్వేరు క్షణాల్లో చదువుతుంది కనుక, నడుమ మా గుమస్తా ఏదైనా చీటీని దిద్దితే ఆ దిద్దుబాటు వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేరు. వరుసల సంఖ్య సరిపోయినంత మాత్రాన రకం, తేదీ సరైనవి కావు.

కాబట్టి ఇకమీదట మీ పని కౌంటరు డేటాబేస్‌ను తాకకుండా, మేము ఏర్పాటు చేసిన రెప్లికా (డేటాబేస్ నకలు) నుంచి మాత్రమే చదవాలి; ఒకేసారి 8 కనెక్షన్లు దాటకూడదు, తెల్లవారుజామున 2 గంటల లోపు ముగియాలి, ముగియకపోతే తానే ఆగిపోవాలి. మొత్తం పట్టికను సరైన అమరికలతో, టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతాగా ఉంచి, మీ ఖర్చుతో తిరిగి ఎక్కించాలి. సరిపోలికను రాసిన ఫైళ్ల నుంచే తీసి, రోజువారీగా, రకాలవారీగా మొత్తం బరువును మా పట్టికతో పోల్చి చూపాలి. జూలై, ఆగస్టు నెలలకు మేము చెల్లించిన నిర్వహణ రుసుమును వాపసు చేయాలి. 12వ తేదీ చీటీలను మళ్లీ ఎక్కించడానికి పట్టిన ఇద్దరి రెండు రోజుల జీతం కూడా అందులో కలపాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వక జవాబు రాకపోతే, ఒప్పందంలోని షరతు ప్రకారం మిగిలిన బిల్లు నిలిపివేసి, పనిని వేరొకరికి అప్పగిస్తాం. సవరణ మొదలుపెట్టే ముందు మీ ఇంజనీరు గారు ఒక్కరోజు తెల్లవారుజామున 3 గంటలకు హార్బరులో మా కాటా దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాం. ముందురోజు కబురు చేస్తే గేటు దగ్గర మా గుమస్తా కలుస్తారు.

ఇట్లు,
భవదీయుడు,
లెక్కల విభాగం బాధ్యుడు,
ఫిషింగ్ హార్బరు, విశాఖపట్నం.