సోషియాలజీలో లెక్కలూ కావాలి

సంపాదకులకు,

నిరుద్యోగం, వలసలు, ఒంటరితనం... ఏ సమస్య మీదైనా ఒక సర్వే అంకె వార్తల్లోకి వచ్చేస్తోంది. ఆ అంకెను ప్రశ్నించడం నేర్పాల్సిన సోషియాలజీ కోర్సుల్లోనే గణాంకాల పేపరంటే టెన్షన్. తప్పు విద్యార్థులది కాదు. చాలాచోట్ల అసలు డేటా చేతికివ్వకుండా సూత్రాలు బట్టీ పట్టిస్తున్నారు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త విలియం రాబిన్‌సన్ 1950లో చూపిన ఉదాహరణతో పాఠం మొదలుపెట్టి చూడండి. 1930 జనగణన ప్రకారం, విదేశాల్లో పుట్టినవారు ఎక్కువున్న రాష్ట్రాల్లో అక్షరాస్యత కూడా ఎక్కువే. కానీ వ్యక్తుల వారీగా చూస్తే నిరక్షరాస్యత వాళ్లలోనే ఎక్కువ! చదువుకున్నవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో వాళ్లు స్థిరపడడమే దీనికి కారణం. ప్రాంతాల సగటు చూసి మనుషుల మీద తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఒక్క క్లాసులో తెలిసిపోతుంది.

అంకెల్లో మనిషి కనిపించడని కొందరి అభ్యంతరం. ఇంటర్వ్యూలు, క్షేత్ర పరిశీలన కావాల్సిందే, సందేహం లేదు. అయితే ఒక కష్టం ఎందరిదో తేలకపోతే దాన్ని ఏ ప్రభుత్వమూ పట్టించుకోదు. అందుకే మొదటి ఏడాది నుంచే ప్రశ్నావళి తయారీ, శాంపిల్ ఎంపిక, నిజమైన సర్వే డేటా కలిపి నేర్పాలి. ఆ పేపరు సమాజం గురించి తెలిసిన సోషియాలజీ అధ్యాపకులే చెప్పాలి.

– ఒక సోషియాలజీ అధ్యాపకురాలు