లంకల్లో మందు పంట కాదు

సంపాదకులకు,

మొక్క కణాలతో యాంటీబాడీ (శరీరంలో రోగంతో పోరాడే ప్రోటీన్) మందులు తయారుచేయొచ్చనగానే లంకల్లో పొగాకు బదులు అవే వేసుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. ఇది పొలంలో పని కాదు. బీవై-2 అనే రకం పొగాకు కణాలను ల్యాబులో, ఖనిజ లవణాలు, లీటరుకు 30 గ్రాముల పంచదార, 0.2 మిల్లీగ్రాముల 2,4-డి కలిపిన ద్రవంలో, 26 డిగ్రీల దగ్గర, చీకట్లో, నిమిషానికి 130 చుట్లు తిప్పుతూ పెంచుతారు. (అవును, వరిలో కలుపుకి కొట్టే 2,4-డీయే. ఇంత కొంచెమైతే కణాలు విభజన చెందుతాయి.) వారానికోసారి కొత్త ద్రవంలోకి మార్చాలి. ఆలస్యమైతే కణాలు గోధుమరంగుకు తిరిగి చస్తాయి.

అసలు చిక్కు యాంటీబాడీ కణాల్లోంచి ద్రవంలోకి బయటికొచ్చాకే. ఆ ద్రవంలోనే ఉన్న ప్రోటియేజులు (ప్రోటీన్లను కోసే ఎంజైములు) దాన్ని ముక్కలు చేసేస్తాయి. వరి కణాల్లో ఆర్‌ఏఎంవై3డి ప్రమోటర్ (జన్యువును పనిచేయించే స్విచ్ లాంటి డీఎన్‌ఏ భాగం) వాడితే పంచదార అయిపోయాకే ప్రోటీన్ తయారీ మొదలవుతుంది. కానీ తిండి లేక కణాలు పగిలి, లోపలి ప్రోటియేజులూ ద్రవంలోకి వచ్చేస్తాయి. అందుకే ద్రవం ఎప్పుడు తీయాలన్నది కీలకం. పైగా మొక్క కణం ప్రోటీన్‌కు జైలోజ్, ఫ్యూకోజ్ చక్కెరలను అతికించే తీరు మనిషి ప్రోటీన్లలో ఉన్నట్టు ఉండదు. వాటిని అతికించే జన్యువులను ముందే తీసేయాలి.

2012లో అమెరికా అనుమతించిన క్యారెట్ కణాల మందు ఎంజైమే, యాంటీబాడీ కాదు. పొగాకు పరిశోధన సంస్థగా 1947లో మొదలైన కేంద్రం రాజమహేంద్రవరంలోనే ఉంది కాబట్టి, కోనసీమ డిగ్రీ విద్యార్థులకు అక్కడ కణ కల్చర్ శిక్షణ ఏర్పాటు చేయాలని కోరుతున్నాం.

– బయోటెక్నాలజీ అధ్యాపకులు, అమలాపురం