ఈ వేసవి నన్నారి: సీసాలు ఎందుకు తగ్గాయి, రంగు ఎందుకు పలచబడింది

ఈసారి మా నన్నారి షర్బత్ పాకం సీసాలు తక్కువగా వస్తున్నాయి. పాకం రంగు కూడా నిరుటికంటే పలచగా ఉంది. వేరు మార్చారా అని చాలామంది అడుగుతున్నారు. మార్చలేదు. శేషాచలం, పాలకొండల రాతి సందుల్లో పెరిగే నన్నారి కొమ్ములే, అంటే దాని దుంప వేళ్లే, వాడుతున్నాం. మారింది కొనే పద్ధతి, కాచే పద్ధతి.

నన్నారి రాళ్లమీదికి అల్లుకుపోయే పొద. కాడ గిల్లితే తెల్లటి పాలు కారతాయి. నేల కింద దుంపలు గుత్తిగా ఉంటాయి, ఆ గుత్తినంతా పెకిలిస్తే మొక్క చచ్చిపోతుంది. దక్షిణ భారతంలో తప్ప ఇది ఇంకెక్కడా సహజంగా పెరగదు, ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ముప్పున్న మొక్కల్లో చేర్చింది కూడా. అందుకే మొదలు కదపకుండా, బొటనవేలికంటే లావున్న పక్క దుంపలు మాత్రమే కోసి, గుంత పూడ్చి వచ్చేవాళ్ల దగ్గరే కొంటున్నాం. సన్న వేళ్లు ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దంటున్నాం. సీసాలు తగ్గింది ఇందువల్లే, వచ్చే ఏడాదీ ఇంతే.

ఇక రంగు సంగతి. అంగళ్లలో దొరికే నల్లటి షర్బత్‌లో చాలావరకు కారమెల్ (మాడ్చిన చక్కెర) రంగు కలుపుతారు, మేం కలపం. పైగా ఇప్పుడు వేళ్లను మూత తీసి మరిగించి నీళ్లు సగానికి ఇగరబెట్టడం మానేశాం. నన్నారి వాసన ఆవిరితోపాటు లేచిపోయే రకం. వంటిల్లంతా ఘుమఘుమలాడిందంటే సీసాలోకి రావలసింది గాల్లో కలిసిందనే లెక్క.

ఇంట్లో చేసుకునేవాళ్లకు కొలత ఇదీ. నీడన ఎండిన కొమ్ములు 100 గ్రాములు కడిగి, చెక్కు తీయకుండా కచ్చాపచ్చాగా దంచండి. మరీ మెత్తగా దంచితే వడగట్టినా మడ్డి దిగుతుంది. 700 మిల్లీలీటర్ల సలసల కాగిన నీళ్లు పోసి, గట్టిగా మూతపెట్టి రాత్రంతా ఉంచండి. తెల్లారి గుడ్డలో వేసి పిండితే 500 మిల్లీలీటర్లకు అటూఇటూగా వస్తుంది. సరిగ్గా 500 కొలిచి, కిలో చక్కెర, ఒక నిమ్మకాయ రసం కలిపి సన్నసెగ మీద కరిగించి, ఒక్క పొంగు రాగానే దించేయండి. లీటరుకు కాస్త పైనే పాకం తయారవుతుంది. నిమ్మరసం మరిస్తే కొన్నాళ్లకు సీసా అడుగున చక్కెర గడ్డకడుతుంది. తీపి ఎక్కువని చక్కెర తగ్గిస్తే పాకం పులుస్తుంది, అలా చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయాలి.

కొమ్ములు కొనేటప్పుడు ఒకటి విరిచి చూడండి. ఎండింది టప్పున విరగాలి, లోపల తెల్లగానో మీగడ రంగులోనో ఉండాలి, విరిగిన చోట వాసన గుప్పుమనాలి. లోపల నల్లబడితే బూజు పట్టినట్టే, ఎంత కడిగినా పోదు.

ఊరగాయకు మాత్రం పచ్చి కొమ్ములే కావాలి. చెక్కు గీకి, నిలువునా చీల్చి, నడిమి ఈనె తీసేయాలి. అది ఉంటే ముక్క నోట్లో పీచుపీచుగా తగులుతుంది. తరిగిన ముక్కలు గాలికి నల్లబడతాయి కాబట్టి తరుగుతూనే నిమ్మరసంలో వేయండి. అరకిలో ముక్కలకు పావు లీటరు నిమ్మరసం, 100 గ్రాముల ఉప్పు, 60 గ్రాముల కారం, రెండు చెంచాల ఆవపిండి, కాస్త పసుపు సరిపోతాయి. ముక్కలు రసంలో మునిగి ఉండాలి, పైకి తేలినవాటికే బూజు పడుతుంది.

ఒంటివేడికి, దాహానికి, ఆకలి మందగించినప్పుడు నన్నారి ఇవ్వడం మన పెద్దల అలవాటు. అంతవరకే చెబుతాం, రోగాలు కుదురుస్తుందని సీసా మీద రాయం. వైద్యులు సుగంధిపాల రాసిస్తే మా కొమ్ములు కొనకండి. రెండిటి వాసనా ఒకటేగానీ మొక్కలు వేరు. నన్నారిది కండగల దుంప, సుగంధిపాలది సన్నటి గట్టి వేరు.

ఇంకో మాట. గ్లాసుకు కలిపే 30 మిల్లీలీటర్ల పాకంలో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు దయచేసి షర్బత్ ఆర్డర్ చేయకండి. ఎండు ముక్కలు తీసుకుని, ఒక చెంచాడు గ్లాసు వేడినీళ్లలో మూతపెట్టి పావుగంట ఉంచి తాగండి. ఆ ముక్కలు 50 గ్రాముల పొట్లాల్లో విడిగా పంపుతున్నాం.