నీ మూడెకరాల గురించి

దోస్తూ,

ఎలా ఉన్నావు? పిల్లల పరీక్షలు అయిపోయాయా? ఫోన్‌లో మొదలుపెడితే నీకు మీటింగ్ అడ్డొస్తుంది, నాకు పొలం పని అడ్డొస్తుంది. అందుకే రాస్తున్నా. చెరువు కింద నీ మూడెకరాల సంగతి. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

మొన్న కొనుగోలు కేంద్రం దగ్గర నీ పొలం కౌలుకు చేస్తున్న బావ కలిశాడు. మూడు రాత్రులుగా వడ్ల కుప్ప పక్కనే పడుకుంటున్నాడట. తేమ 17 శాతానికి దిగితేనే గదా కాంటా పెట్టేది! పొద్దున ఆరబోస్తాడు, మబ్బు పట్టగానే ఉరుకులు పరుగులతో కుప్ప చేసి కవర్ కప్పుతాడు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి చూపించాడు. దుక్కి, నాటు కూలీ, 1,350 పెట్టి తెచ్చిన డీఏపీ బస్తాలు, కోత మిషన్ కిరాయి, అన్నీ తేదీలతో సహా రాసుకున్నాడు. అన్నిటికన్నా పైన నీ కౌలు: ఎకరాకు ఏడాదికి 15,000 చొప్పున 45,000. వచ్చే పైసల వైపు మాత్రం ఒకటే మాట, వడ్లు. సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం, అదే రైతు భరోసా, ఆ పుస్తకంలో లేదు. ఎలా ఉంటుంది? అది పడేది నీ ఖాతాలో.

2018 మేలో రైతు బంధు మొదలైన రోజులు గుర్తున్నాయా? ఎకరాకు 4,000 చొప్పున చెక్కు చేతికొస్తే మీ నాన్న దాన్ని రెండుసార్లు కళ్లకు అద్దుకున్నాడు. అప్పుడు అరక పట్టింది ఆయనే. అప్పు కోసం ఎవరి గడపా తొక్కకుండా ఆ ఏడాది విత్తనాలు తెచ్చాడు. అది మంచి పథకమని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. పెట్టుబడి సాయం అన్నారు. మరి పెట్టుబడి పెట్టేవాడికే రావాలి కదరా! తర్వాత 5,000 అయింది. 2025 జనవరిలో రైతు భరోసా పేరుతో పంటకు 6,000 చేశారు. గుట్టలకు, ప్లాట్లు చేసిన భూములకు ఆపేశారు, సంతోషం. కానీ లెక్క ఇప్పటికీ పాస్‌బుక్ మీదే నడుస్తోంది. 2023 ఎన్నికల్లో కౌలు రైతులకూ ఇస్తామన్నారు, అది బావ దాకా రాలేదు.

పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు పక్కన అనుభవదారు అని ఇంకో కాలమ్ ఉండేది. సాగు చేసేవాడి పేరు కాగితం మీద కనిపించేది అక్కడే. భూ రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చాక అదీ పోయింది. పేరు లేకపోతే బ్యాంకు లోన్ ఎవరిస్తారు? బావ నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడు. యూరియా సబ్సిడీ, ఉచిత కరెంటు ఎలాగో ఆయనకూ అందుతున్నాయి, అంతవరకు నయం.

నాకు అసలు టెన్షన్ రైతు బీమా గురించి. పట్టా ఉన్న రైతు 59 ఏళ్లలోపు పోతే ఇంటికి 5 లక్షలు వస్తాయి. హైదరాబాద్‌లో ఏసీ గదిలో ఉన్న నీకు అది ఉంది. చీకట్లో టార్చి పట్టుకుని నీ మోటారు పెట్టడానికి వెళ్లే బావకు లేదు. గట్టు మీద ఏ పామో కరిస్తే అక్కకు, ఆ ఇద్దరు ఆడపిల్లలకు రూపాయి రాదు. ఇది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

కౌలు కాగితం రాసిస్తే భూమి చేజారుతుందని నీ భయం, నాకు తెలుసు. కౌలు చేసినవాడికే భూమి మీద హక్కు దక్కిన వెనకటి రక్షిత కౌలుదారు గొడవలు మన తాతలు చెప్పగా విన్నవే కదా. నేను కాగితం అడగడం లేదు. పంటకు నీకు పడే 18,000 బావకు పంపు, లేదంటే కౌలులో తగ్గించు. నీ కౌలు నీకు ఎలాగూ వస్తుంది. ఆ 18,000 చేతిలో ఉంటే నాట్లప్పుడు ఆయన వడ్డీకి వెళ్లే పని ఉండదు.

రేపో ఎల్లుండో కాంటా అవుతుంది. వడ్లు అమ్మేది నీ పాస్‌బుక్ మీదే కాబట్టి ఓటీపీ నీ ఫోన్‌కే వస్తుంది. పోయినసారి నువ్వు ఫోన్ ఎత్తకపోతే బావ సాయంత్రం దాకా ఎండలో నిలబడ్డాడు. ఈసారి నువ్వే ఆయనకు ఫోన్ చేసి నంబర్ చెప్పు. ఆ పైసల మాట కూడా అప్పుడే నీ నోటితో చెప్పు.

నీ దోస్తు